గుడ్డు మానిపిస్తే ఈడు ఆగదు

ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఈ వారం మూడుసార్లు వచ్చిన సందేశం ఇది: "బ్రాయిలర్ కోళ్లకు వేసే హార్మోన్ ఇంజెక్షన్ల వల్లే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారు. ఆ రోజుతో ఎత్తు పెరగడం ఆగిపోతుంది. కోడి, గుడ్డు మానిపించండి." చివర వరసగా దండం పెట్టే బొమ్మలు. గాజువాకలో మా అక్క దాన్ని నమ్మింది. పదకొండేళ్ల చిన్న మేనకోడలి కంచంలోంచి గుడ్డు పోయింది. దాని తమ్ముడి కంచంలో మాత్రం అలాగే ఉంది.

ముందు ఇంజెక్షన్ సంగతి. ఫారంలో కోళ్లు వేలల్లో ఉంటాయి. పెరుగుదల హార్మోన్ పనిచేయాలంటే ఒక్కోదాన్నీ పట్టుకుని పదేపదే సూది వేయాలి. ఆ ఖర్చుకు కోడిని అమ్మిన డబ్బు చాలదు. కొక్కెర తెగులు లాంటి వాటికి టీకాలు ఇస్తారు, అదీ ఎక్కువగా కంట్లో చుక్కగానో తాగే నీళ్లలోనో. ఆరు వారాల్లో కోడి రెండు కిలోలు దాటుతోందంటే, దశాబ్దాలుగా త్వరగా పెరిగే జాతులను ఏరి పెంచడం వల్ల, లెక్క ప్రకారం వేసే మేత వల్ల. సరే, ఎవరో సూది వేశారనే అనుకుందాం. ఆ హార్మోన్ ప్రొటీన్. తిన్న పప్పులాగే కడుపులో అరిగిపోతుంది. ఇన్సులిన్‌దీ అదే తీరు. మింగితే పనిచేసేదైతే మన పెద్దవాళ్లు రోజూ పొట్టకు సూది గుచ్చుకుంటారా? కోళ్లకు యాంటీబయాటిక్స్ అవసరానికి మించి వాడటం నిజంగానే సమస్య, కాని అది వేరే గొడవ.

అసలు ఈడు మొదలయ్యేది మెదడులో. అక్కడి హైపోథాలమస్ అనే భాగం పంపే సంకేతంతో పిట్యూటరీ గ్రంథి, దాని హార్మోన్లతో అండాశయాలు మేల్కొంటాయి. మొదట కనిపించేది రొమ్ము మొగ్గ, మామూలుగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య. రుతుస్రావం ఆ తరువాత రెండు, రెండున్నరేళ్లకు. మనం చిమ్మిలి పెట్టి పేరంటం పిలిచేసరికి కథ సగానికి పైగా నడిచిపోయి ఉంటుంది.

వయసు తగ్గిన మాట అబద్ధం కాదు. యూరప్‌లో పంతొమ్మిదో శతాబ్దంలో 16, 17 ఏళ్ల దగ్గరున్న రజస్వల సగటు వయసు ఇరవయ్యో శతాబ్దం మధ్యకు 13 దగ్గరకు దిగింది. అప్పటికి ఈ బ్రాయిలర్లు ఇంటింటి కూర కాలేదు. తిండి మెరుగుపడింది, జబ్బులు తగ్గాయి. ఒంట్లో నిల్వలు ఎంతున్నాయో కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్ ద్వారా మెదడుకు చెబుతాయి. ఒళ్లు చేసిన ఆడపిల్లల్లో ఈడు కాస్త ముందే రావడానికి అదొక కారణం. గుడ్డు తీసేసి చిప్స్ ప్యాకెట్ చేతికిచ్చే ఇళ్లవారు ఇది గమనించాలి. ఎనిమిదేళ్లు నిండకముందే గుర్తులు కనిపిస్తే పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు చూస్తారు. అవసరమైతే ఈడును కొంతకాలం నిలిపి ఉంచే మందులున్నాయి.

ఇక ఎత్తు. వేగంగా సాగే దశ రజస్వల కావడానికి ముందే వస్తుంది, తరువాత మందగిస్తుంది. అంతేగాని ఆ రోజుతో ఆగదు. ఎముకల చివర పెరిగే పలకలు పూర్తిగా మూసుకోవడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. ఆలోగా సాధారణంగా అయిదు నుంచి ఏడు సెంటీమీటర్లు పెరుగుతారు. మా అక్కవాళ్ల వంటింటి ద్వారబంధం మీద పెద్ద మేనకోడలి పెన్సిల్ గీతలున్నాయి. పెద్దమనిషి అయిన నెలలో గీసినది ఒకటి, రెండేళ్లకు గీసినది ఒకటి. మధ్యలో నా నాలుగు వేళ్లు పట్టాయి. అక్కను పిలిచి వేళ్లు అక్కడే ఆనించి చూపించాను.