క్షమించరాని పాపం గారికి ఒక విన్నపం

గుంటూరు.

అయ్యా, వందనాలు.

పాపానికి వందనాలేమిటని ఆశ్చర్యపోకండి. మా అరండల్‌పేటలో చర్చి గుమ్మం దగ్గర ఎవరు ఎదురుపడినా నోటికి ముందుగా వచ్చే మాట అదే. పైగా మీరు మామూలు పాపమా? తక్కిన పాపాలన్నీ కడిగితే పోయేవే. పరిశుద్ధాత్మను దూషించడం అనే మీ ఒక్కరికే, ఎంత కడిగినా పోనిదన్న పేరు దక్కింది.

1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరినప్పుడు ఆయన సామానుతోపాటు మీరూ దిగి ఉంటారు. అప్పటికి మీ జాగీరు చిన్నది. బైబిల్లో మత్తయి పన్నెండో అధ్యాయంలో కాస్త, మార్కు మూడో అధ్యాయంలో కాస్త, లూకాలో ఒక్క వచనం. ఇప్పుడు మా వీధి చివరి రేకుల షెడ్డు మందిరంలో మీరు చేయని ఉద్యోగం లేదు. స్లాబు కోసం వసూలైన డబ్బులో సిమెంటుకు ఎంతయిందని అడిగినవాడి మీదికి మిమ్మల్నే తోలారు. వేరే సంఘానికి మారిన కుటుంబం మీదికీ మిమ్మల్నే. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు గారు ఆత్మావేశంలో ఎవరికీ అర్థంకాని భాషలతో మాట్లాడుతుంటే ఫక్కున నవ్విన ఎనిమిదేళ్ల పిల్లవాడి మీదికీ మిమ్మల్నే. ఆత్మ నడిపించే సేవకుణ్ణి ప్రశ్నిస్తే ఆత్మను దూషించినట్టేనని మైకులో తేల్చేశారు. సంపాదనలో చర్చికివ్వాల్సిన దశమభాగం ఎగ్గొట్టేవారికి మాత్రం మీరు ఇంకా వర్తించడం లేదు. వచ్చే నెల చూడాలి.

ఒక్కసారి మీ నియామక పత్రం తీసి చదువుకోండి. దయ్యం పట్టి చూపూ మాటా పోయిన ఒక మనిషిని యేసు బాగుచేశాడు. జనం నోరు తెరుచుకుని చూస్తున్నారు. అప్పుడు యూదుల మతనిష్ఠాపరులైన పరిసయ్యులు, ఇదంతా దయ్యాల అధిపతి బయెల్జెబూలు వల్ల జరిగిందన్నారు. యెరూషలేము నుంచి వచ్చిన శాస్త్రులే ఆ మాట అన్నారని మార్కు రాశాడు. ఎవరైతేనేం, తెలియక అన్న అమాయకులు కారు. పుట్టింది మొదలు ధర్మశాస్త్రం వల్లెవేసినవాళ్లు, మంచి జరిగిందని కళ్లారా చూసి కూడా దానికి దయ్యం పేరు పెట్టారు. ఆయనకు అపవిత్రాత్మ పట్టిందని వాళ్లు అన్నందుకే ఈ హెచ్చరిక అని మార్కు కారణం కూడా విప్పి చెప్పాడు. అంటే మిమ్మల్ని పిలిపించింది పీటల మీద కూర్చున్న పెద్దల కోసం. మా షెడ్డులో ఎందుకోగాని మిమ్మల్ని ఎప్పుడూ చాపల మీద కూర్చున్నవాళ్ల వైపే తిప్పి నిలబెడుతున్నారు.

మీకు చిక్కకుండా పోయినవారి జాబితా కూడా తక్కువేమీ కాదు. యేసు ఎవరో ఎరగనని ఆయన శిష్యుడు పేతురే ఒట్టు పెట్టుకుని మరీ మూడుసార్లు బొంకాడు. ఆయనకే గొర్రెలను, అంటే విశ్వాసులను, మేపే పని అప్పగించారు. తాను ఒకప్పుడు దూషకుణ్ణని అపొస్తలుడు పౌలు స్వయంగా ఒప్పుకున్నాడు. ఇక్కడైతే ఇద్దరికీ ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఆపేసి, పేర్లు చదివి వినిపించేవారు. ప్రాణం పోయేదాకా క్షమాపణ వద్దని మొండికేయడమే మీ అసలు స్వరూపమని పాతకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ వివరించాడు. ఆ లెక్కన బతికున్న ఏ మనిషి చేతికీ మీ సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు. యేసు భూమ్మీద తిరిగిన రోజుల్లో తప్ప మిమ్మల్ని చేయడం సాధ్యమే కాదన్న బోధకులు కూడా ఉన్నారు. ఇవేవీ మైకు దాకా రావు.

మీ మీద నాకు సొంత కక్ష కూడా ఉంది. నాకు పద్నాలుగేళ్లప్పుడు, ప్రార్థనలో కళ్లు మూసుకోగానే పరిశుద్ధాత్మ మీద ఒక బూతు మాట మనసులోకి వచ్చేది. వద్దనుకున్న కొద్దీ వచ్చేది. ఇంగ్లండులో జాన్ బన్యన్ అనే ఆయన ఇలాగే ఏళ్ల తరబడి నలిగిపోయి ఆ వేదనంతా 1666లో పుస్తకంగా అచ్చువేశాడని అప్పుడు నాకు తెలియదు. తెలిస్తే కాస్త తోడుండేది. ఆదివారం కోడికూర కూడా ముట్టకపోయేసరికి నాయనమ్మ పట్టుకుంది. మిర్చి తొడిమలు తీసే కూలికి వెళ్లివచ్చి, మండే చేతులను మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది ఆవిడ. అంతా విని, తడి చేతులు నా ముందు చాపింది. "మా మేస్త్రీకి ఇప్పుడు మంట తెలియదురా అయ్యా, తోలు మొద్దుబారిపోయింది. నీకింకా మండుతోందిగా. లే, అన్నం తిను" అంది. వాత వేయబడిన మనస్సాక్షి అని బైబిల్లో ఒక మాట ఉందని ఆవిడకు తెలుసో లేదో. చదువు రాదు.

పోయిన గురువారం రాత్రి పన్నెండు దాటాక విజయవాడ హాస్టలు నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ఇంటర్ రెండో ఏడు. పక్క మంచం పిల్ల లేస్తుందని గుసగుసగా మాట్లాడింది. "బాబాయ్, మనసులో అనుకున్నా లెక్కేనా?" అంది. ఏమనుకుందో నేను అడగలేదు. మీరు ఏలూరు రోడ్డు దాకా వెళ్లి పిల్లల మంచాల కింద దూరుతున్నారని మాత్రం అర్థమైంది. నాయనమ్మ మజ్జిగ గిన్నె సంగతి మొత్తం చెప్పాను. చాలాసేపు అటునుంచి మాట లేదు.

కనుక నా విన్నపం ఒక్కటే. మార్కు మూడో అధ్యాయంలో మీ గది ఖాళీగానే ఉంది. దయచేసి అక్కడికి వెళ్లి ఉండండి. ఎవరైనా పెద్దలు వెతుక్కుంటూ వస్తే అక్కడే కలుసుకుంటారు.

ఇట్లు,
ఆ షెడ్డులో చాప మీద కూర్చునేవాడు

తా.క.: మర్నాడు పొద్దున ఏడున్నరకు ఆ పిల్ల మళ్లీ ఫోన్ చేసింది. మెస్‌లో ఉప్మా గోడకు వేస్తే అంటుకునేలా ఉందట. రెండుసార్లు పెట్టించుకుందట.