సవరణ: విటమిన్ ఏ చుక్కలు కంట్లో వేసేవి కావు

రేచీకటిపై మొన్నటి పోస్టులో "పిల్లలకు విటమిన్ ఏ చుక్కలు వేయించండి" అని ఉంది. పర్లాకిమిడి, గుణుపురం నుంచి కొందరు అక్కలు వీటిని కంట్లో వేయాలా అని అడిగారు. కాదు, ఇది నోటితో తాగించే మందు. తొమ్మిదో నెల నిండాక తట్టు టీకాతో పాటు 1 మి.లీ. (లక్ష యూనిట్లు), ఆపైన ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకోసారి 2 మి.లీ. అంగన్‌వాడీలో ఇస్తే చాలు. ఇంట్లో అదనంగా పట్టకండి, ఎక్కువైతే వాంతులు, తలనొప్పి. గర్భిణులైతే ఈ పెద్ద డోసు జోలికే వెళ్లకూడదు. విటమిన్ ఏ ఉండే మునగాకు, బాగా పండిన బొప్పాయి, గుడ్డు మాత్రం తినొచ్చు.

పెద్దవాళ్లకు రాత్రి చూపు మందగిస్తే అది శుక్లం కూడా కావచ్చు. దానికి ఈ చుక్కలు పనిచేయవు, కంటి డాక్టరుకు చూపించాలి.