కృతజ్ఞత ఒకరికి అప్పగించే పనా?

యూదుల ప్రార్థనలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. 'అమీదా' అనే ముఖ్య ప్రార్థనను ముందు ఎవరికి వారు నిలబడి లోలోపల చెప్పుకుంటారు. తర్వాత ప్రార్థన నడిపించే వ్యక్తి అదంతా మళ్ళీ పైకి చదువుతాడు. పాఠం రానివాళ్ళు శ్రద్ధగా విని 'ఆమేన్' అంటే చాలు, వాళ్ళూ చెప్పినట్టే లెక్క. కానీ కృతజ్ఞత చెప్పే 'మోదీమ్' దగ్గరికి వచ్చేసరికి ఈ వెసులుబాటు ఉండదు. ఆయన పాటికి ఆయన చదువుతుంటే, సభలో ప్రతి ఒక్కరూ తల వంచి, తమ కోసమే కూర్చిన మరో చిన్న పాఠాన్ని సొంత నోటితో చెప్పాలి. 14వ శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్‌లో ఉన్న డేవిడ్ అబుదర్హామ్ అనే పండితుడు దీనికి ఇచ్చిన వివరణ సూటిగా ఉంటుంది. మిగతావన్నీ మన తరఫున ఇంకొకరు అడిగినా చెల్లుతుంది, కృతజ్ఞత మాత్రం ఎవరిది వారే చెప్పాలి.

ఈ పరదేశంలో మన తెలుగు సంఘం సభల్లో సరిగ్గా దాన్నే ఒకరి నెత్తిన పెడతాం. దానికి 'వందన సమర్పణ' అని పేరు, కార్యక్రమంలో చిట్టచివరి చోటు. పాపం జాయింట్ సెక్రటరీ కాగితం విప్పి పేర్లు చదవడం మొదలెట్టేసరికి సగం కుర్చీలు ఖాళీ, జనమంతా బిర్యానీ లైన్లో.

యూదు సంప్రదాయంలో కృతజ్ఞత మనసు బాగున్నప్పుడు పుట్టే భావం కాదు, వేళకి చెయ్యాల్సిన పని. పొద్దున కళ్ళు తెరవగానే 'మోదే అనీ' అని ఒక్క వాక్యం చెబుతారు: నా ప్రాణాన్ని దయతో తిరిగి నాకిచ్చావు, కృతజ్ఞుణ్ణి. అందులో దేవుడి పేరు రాదు కాబట్టి చేతులు కడుక్కోకముందే, పక్క మీద నుంచే చెప్పొచ్చు. రోజుకి వంద స్తుతులు చెప్పాలని రబ్బీ (మతగురువు) మెయిర్ అన్నట్టు యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముడ్‌లో ఉంది. వందా అని కంగారు పడక్కర్లేదు, మామూలు రోజుల్లో మూడు పూటల అమీదాతోనే, పూటకి 19 చొప్పున, 57 అయిపోతాయి. అన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది 'అషేర్ యత్సర్'. బాత్రూంకి వెళ్ళొచ్చి చేతులు కడుక్కున్నాక చెప్పేది. మనిషి ఒంట్లో ఎన్నో రంధ్రాలు, గొట్టాలు పెట్టావు, తెరుచుకోకూడనిది ఒక్కటి తెరుచుకున్నా, మూసుకోకూడనిది ఒక్కటి మూసుకున్నా నీ ముందు నిలబడలేం అని దాని సారాంశం. వినగానే నవ్వొస్తుంది. కిడ్నీలో రాయితో ఒక రాత్రంతా ఎమర్జెన్సీలో మెలికలు తిరిగినవాళ్ళకి మాత్రం రాదు.

ఈ ప్రార్థనలు తెలుగు నేలకి మరీ కొత్తవేం కావు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న తెలుగు సమాజం తమను యూదులుగా చెప్పుకుంటూ శనివారపు విశ్రాంతి దినమైన షబ్బాత్ పాటిస్తోంది. వాళ్ళకొక సినగాగ్, అంటే ప్రార్థనా మందిరం కూడా ఉంది.

ఆఫీసులో పనిచేసే ఒకాయన కూతురి బాత్ మిత్స్వాకి (ఆడపిల్లకి మతపరంగా యుక్తవయసు వచ్చినప్పుడు చేసే వేడుక) శనివారం పొద్దున సినగాగ్‌కి వెళ్ళాను. యూదుల పవిత్ర గ్రంథం తోరా చదువుతుండగా, గుండెకి బైపాస్ అయి లేచిన ఓ పెద్దాయన్ని పిలిచారు. మెల్లగా మెట్లెక్కి, బల్ల అంచు పట్టుకుని, ఒక్క వాక్యం చదివాడు. 'అర్హత లేనివారికి కూడా మేలు చేసేవాడా, నాకు అంతా మేలే చేశావు' అని. వెంటనే హాలంతా ఒక్క గొంతుతో, నీకు మేలు చేసినవాడు ఎప్పటికీ మేలే చేయుగాక అని బదులిచ్చింది. దీన్ని 'హగోమెల్' అంటారు. సముద్రం దాటినవాడు, ఎడారి దాటినవాడు, జబ్బు నుంచి కోలుకున్నవాడు, చెర నుంచి విడుదలైనవాడు, ఈ నలుగురూ చెప్పాలి. అదీ ఇంట్లో గుట్టుగా కాదు, పదిమంది ఎదుట. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళమే కదా మనమంతా! మనం ఫ్లైట్ దిగి వాట్సాప్‌లో 'రీచ్డ్ సేఫ్లీ' అని కొట్టి ఊరుకుంటాం.

శనివారం ప్రార్థనలోనే ఇంకొకటుంది. సినగాగ్‌లో దీపాలకి ఇచ్చేవారు, ద్రాక్షరసం ఇచ్చేవారు, బాటసారులకి రొట్టె, పేదలకి దానం ఇచ్చేవారు, సమాజం పనులు నమ్మకంగా చేసేవారు చల్లగా ఉండాలని దీవిస్తారు. ఒక్క పేరూ ఉండదు, ఇచ్చిన మొత్తమూ ఉండదు. అలాగని వాళ్ళంతా కీర్తి ఆశ లేని మునులనుకోకండి. సినగాగ్ గోడల మీద దాతల పేర్ల ఫలకాలు బోలెడు. కాకపోతే దీపానికి నూనె పోసినవాడికీ ప్రార్థన పుస్తకంలోనే చోటుంది. మన దగ్గర ప్లాటినం స్పాన్సర్‌కి శాలువా, రాత్రి ఒంటిగంట దాకా కుర్చీలు మడతపెట్టిన కుర్రాడికి ఇంకో నాలుగు కుర్చీలు.

'మనలో మనకి థాంక్స్ ఏంటండీ, పరాయివాళ్ళలాగా' అంటారు చాలామంది. ఇంట్లో ఆ మాటకి అర్థముంది. కాఫీ ఇచ్చిన అమ్మకి థాంక్స్ చెబితే ఏమైంది వీడికి అన్నట్టు చూస్తుంది. కానీ అన్నం తిని లేస్తూ 'అన్నదాతా సుఖీభవ' అన్నదీ మనవాళ్ళే. పైగా సంఘం అమ్మ కాదు. తాల్ముడ్‌లో బెన్ జోమా అనే పండితుడు ఇద్దరు అతిథుల సంగతి చెబుతాడు. మంచి అతిథి, నా కోసం ఇంటాయన ఎంత శ్రమపడ్డాడో అంటాడు. చెడ్డ అతిథి, నేను తిన్నదెంత, ఒక రొట్టె ముక్క, వాళ్ళు పడ్డ శ్రమంతా పెళ్ళాం పిల్లల కోసమే కదా అంటాడు. రెండో ఆయన్ని మన పార్కింగ్ లాట్‌లో చాలాసార్లు కలిశాను. 'వాళ్ళకి పేరు కావాలండీ, అందుకే చేస్తున్నారు' అంటుంటాడు, చేతిలో మిగిలిన గారెల డబ్బాతో.

అందుకే కార్యవర్గానికి నాదో విన్నపం. వచ్చే ఉగాదికి వందన సమర్పణ తీసేయండి. భోజనాలకి ముందు మైకు ఆపి పది నిమిషాలు ఇవ్వండి. ఆ రోజు తన కోసం పనిచేసిన ఒక్కరినైనా వెతికి పట్టుకుని, వాళ్ళు చేసిందేమిటో చెప్పి మరీ ప్రతి ఒక్కరూ థాంక్స్ చెప్పాలి. ఈలోగా సాంబారు చల్లారితే చల్లారనివ్వండి, వండినవాళ్ళేమీ అనుకోరు.