ఆ క్లీన్ బటన్ జోలికి మాత్రం వెళ్లకండి

పెద్ద సైజు స్కానర్ దగ్గర పనిచేస్తాను కాబట్టి రోజూ వినే ప్రశ్న ఒకటుంది: "ఎంత డీపీఐలో చేస్తారండీ?" అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అని. ప్లాన్లు తెచ్చినవాళ్లూ అదే అడుగుతారు, పెయింటింగులు తెచ్చినవాళ్లూ అదే అడుగుతారు. అంకె ఎంత పెద్దదైతే అంత తృప్తి. బ్రోషర్లో 9600 అని చూసి వచ్చినవాళ్లయితే ఇక చెప్పక్కర్లేదు. అందులో మెషీను కంటితో చూసేది 600, మహా అయితే 1200. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ తనకు తోచినట్టు నింపేదే.

డీపీఐ సంగతి పక్కన పెట్టండి, నా గొడవ వేరే. స్కాన్ బటన్ పక్కనే అమాయకంగా కూర్చునుండే రెండు టిక్ బాక్సులతో. ఒకటి కాగితం మురికి తుడిచేసే బ్యాక్‌గ్రౌండ్ క్లీన్, రెండోది బ్లాక్ అండ్ వైట్. ఇవి నాశనం చేసినన్ని డ్రాయింగులు చెదలు కూడా చేసుండవని నా అనుమానం.

మొన్నామధ్య ఒకావిడ వాళ్ల నాన్నగారు గీసిన ప్లాన్లు చుట్ట చుట్టి పట్టుకొచ్చారు. ఏ1 సైజు ట్రేసింగ్ షీట్లు, పన్నెండు. అంతకుముందే ఎక్కడో స్కాన్ చేయించారట, ఆ పెన్ డ్రైవ్ కూడా ఇచ్చారు. "అన్నీ ఉన్నాయండీ, కానీ నాన్న రాసుకున్నవేవీ కనబడట్లేదు" అన్నారు. తెరిచి చూశాను. తళతళలాడిపోతోంది! కాగితం పాల తెలుపు, గీతలు కాటుక నలుపు. అదే షీటు బల్ల మీద పరిచి, లైటు పక్కనుంచి పడేలా పెట్టి చూస్తే, మెట్ల కొలత పైన గట్టి పెన్సిల్‌తో సన్నగా రాసుంది: "ఎత్తు ఎక్కువైంది, మళ్లీ కొలవాలి." దాని పక్కనే చెరిపేసిన పాత మెట్ల వరస నీడలా ఉంది. పెన్ డ్రైవ్‌లో రెండూ లేవు.

ఏం జరిగిందంటే, స్కానర్ మామూలుగా తెలుపుకీ నలుపుకీ మధ్య 256 ఛాయలు చూస్తుంది. బ్లాక్ అండ్ వైట్ నొక్కగానే ఒకచోట హద్దు గీసేసి, ఇవతలివన్నీ నలుపు, అవతలివన్నీ తెలుపు అంటుంది. ఇంకు బతుకుతుంది, లేత పెన్సిల్ చస్తుంది. అమ్మోనియా ప్రింట్ల (పాతకాలంలో ప్లాన్లకి తీసిన కాపీల) గతి ఇంకా ఘోరం. వాటి కాగితమే మసక నీలంగా తిరిగి ఉంటుంది, పైగా వెలుతురుకి గీతలు వెలిసిపోయి ఉంటాయి. ఆ హద్దు కాస్త అటు జరిపితే షీటంతా నల్లగా అలుక్కుపోతుంది, ఇటు జరిపితే గోడలే మాయమవుతాయి.

ఎందుకు నొక్కుతారో నాకు తెలియక కాదు. ఫైలు బరువు. ఏ0 షీటు 841 × 1189 మిల్లీమీటర్లు. 300 డీపీఐలో రంగుల్లో తీస్తే దాదాపు 14 కోట్ల పిక్సెళ్లు, కంప్రెస్ చేయకుండా ఉంచితే 420 ఎంబీ దాకా. 600కి పెంచితే రెట్టింపు కాదు, నాలుగింతలు. 1.6 జీబీ దాటుతుంది. అదే బ్లాక్ అండ్ వైట్‌లో అయితే మెయిల్లో పంపుకునేంత చిన్నదైపోతుంది. మరి పంపడానికే కావాలంటే పంపడానికి వేరే కాపీ చేసుకోండి! మొదటిది మాత్రం రంగుల్లో, టిఫ్‌లో (ఏదీ వదలకుండా దాచే ఫైలు రకం), మరకలతో మడతలతో సహా ఉన్నదున్నట్టు ఉంచండి. శుభ్రం చేసుకోడానికి రేపు కూడా టైముంటుంది. తీసేసిన పెన్సిల్ గీతని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. 600లో బ్లాక్ అండ్ వైట్ కావాలా, 300లో రంగులు కావాలా అంటే కళ్లు మూసుకుని రెండోదే అంటాను.

బొమ్మల విషయానికొస్తే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఒక ఆర్టిస్టు బొగ్గుతో వేసిన పెద్ద బొమ్మ తెచ్చాడు. పొడి రాలకుండా ఫిక్సటివ్ స్ప్రే కొట్టానన్నాడు. నేను నమ్మి, కాగితాన్ని లోపలికి లాక్కునే రోలర్లలో పెట్టేశాను. బయటికొచ్చేసరికి చెంప మీదుగా రోలర్ వెడల్పున బూడిద రంగు పట్టీ. అతను ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ఆ తర్వాత పెట్టిన ఆరు షీట్లలోనూ నిలువుగా ఒక గీత వచ్చింది. ఈ మెషీన్లలో సెన్సర్ కదలదు, కాగితం కదులుతుంది. అందుకని గ్లాసు మీద నలుసంత బొగ్గు పడినా స్కాన్‌లో చుక్క రాదు, షీటు పొడవునా గీత వస్తుంది. పోనీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పంపుదామా అంటే, దాని స్టాటిక్‌కి (రాపిడికి పుట్టే కరెంటుకి) పేస్టల్ పొడి లేచి కవర్‌కే అంటుకుంటుంది.

బొగ్గు, పేస్టల్, పెచ్చులూడే రంగులు, ముట్టుకుంటే విరిగే కాగితం, ఇవేవీ రోలర్ల మధ్యకి వెళ్లకూడదు. పైనుంచి చూసే స్కానర్ గానీ, స్టాండుకి బిగించిన కెమెరా గానీ ఉండాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం రెంబ్రాంట్ వేసిన 'నైట్ వాచ్' పెయింటింగ్‌ని 8,439 ఫోటోలుగా తీసి, కలిపి కుట్టి 2022లో 717 గిగాపిక్సెళ్ల (అంటే 71,700 కోట్ల పిక్సెళ్ల) బొమ్మ బయటపెట్టింది. రోలర్లలో దూర్చలేదు మరి.

నీటిరంగుల కాగితం ఉబ్బి ఉంటే ఇంకో చిక్కు. సీఐఎస్ రకం స్కానర్‌కి కాగితం గ్లాసుకి అంటుకునుంటేనే చూపు ఆనుతుంది, కొంచెం లేస్తే ఆ చోటంతా మసక. లెన్సుతో చూసే సీసీడీ రకం కొంత ఉబ్బుని భరిస్తుంది. బంగారు రంగు, ఫ్లోరసెంట్ రంగులు దేంట్లోనూ సరిగ్గా రావు, ఆశ పెట్టుకోకండి.

ఇక్కడ కూడా ఆ క్లీన్ బటన్ తయారే! నీటిరంగుల్లో ఆకాశమంటే ఒక్కోసారి కాగితం మీద ఉందా లేదా అన్నంత పలచటి పూత. మెషీనుకి అది మురికి. తుడిచేస్తుంది. ఆర్టిస్టు గంటసేపు తడి ఆరకుండా చూసుకుంటూ వేసిన మబ్బు ఒక్క టిక్కుతో గోవిందా. బొమ్మ పక్కన నేను పెట్టే రంగుల పట్టీని కూడా "అదెందుకండీ, కట్ చేసెయ్యండి" అంటారు. రేపు ఇంకో స్క్రీన్ మీద ఎరుపు నారింజలా కనబడినప్పుడు, తప్పు స్కాన్‌దా స్క్రీన్‌దా అని తేల్చేది ఆ పట్టీయే. ప్లాన్లయితే పక్కన ఒక స్కేలు పెట్టండి. ప్రింటు తీసేటప్పుడు ఎవరో 'ఫిట్ టు పేజ్' నొక్కుతారు, 1:100 కాస్తా 1:103 అయి కూర్చుంటుంది. ఆ స్కేలే దాన్ని పట్టిస్తుంది.

ఆవిడ షీట్లు మళ్లీ చేశాను. 400 డీపీఐ, రంగుల్లో, ఒక్క టిక్కు లేకుండా. పన్నెండింటిలో ఏడింటి మీద పెన్సిల్ రాతలు బయటపడ్డాయి. మొదటిసారి స్కాన్ చేసినవాళ్లు "ఇంక ఈ కాగితాలెందుకండీ, పారేయండి, అటక ఖాళీ అవుతుంది" అని సలహా కూడా ఇచ్చారట. ఆవిడ బద్ధకించి పారెయ్యలేదంతే.