మంచివన్నీ మావి, ఖర్చులు ఎవరివో

నానా రకాల వ్యాపారాలను గొడుగు కింద పెట్టుకున్న పారిశ్రామిక హోల్డింగ్ కంపెనీ వార్షిక నివేదిక చదివితే మనసుకు ఎంతో ప్రశాంతత. పంపులు, వాల్వులు, లిఫ్టులు, పెయింట్లు, రైల్వే సిగ్నళ్లు... ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేకపోయినా మార్జిన్లు (అమ్మకాల్లో లాభం వాటా) మాత్రం అన్నిటికీ పెరుగుతూనే ఉంటాయి. అంకె పక్కన చిన్న నక్షత్రం గుర్తు. దాన్ని పట్టుకుని పేజీ అడుక్కి వెళ్తే చీమ తలకాయంత అక్షరాల్లో: 'అసాధారణ ఖర్చులు మినహాయించి'. ఆ అసాధారణం గత ఏడాదీ ఉంది, అంతకు ముందూ ఉంది.

ఆ లెక్క తయారయ్యే గది ఎలా ఉంటుందో ఊహించడం కష్టమేం కాదు.

"సార్, పెయింట్ల కంపెనీ కొన్నప్పటి లాయర్ల ఫీజు?"

"అది మన వ్యాపారం కాదు. ఖర్చుల్లోంచి తీసేసి లాభంలో తిరిగి కలిపెయ్."

"కంపెనీలు కొనడమే కదండీ మన వ్యాపారం?"

"కలిపెయ్యమన్నానా!"

"కొత్త సాఫ్ట్‌వేర్?"

"పరివర్తన ఖర్చు. కలుపు."

"హెడ్డాఫీసు జీతాలు?"

"ఏ విభాగం నెత్తినా రుద్దకు. 'కేటాయించనివి' అని విడిగా ఓ వరుస పెట్టు."

"అందులో మీ జీతం కూడా..."

"టీమ్‌వర్క్ అంటే ఏంటో తెలుసా నీకు?"

ఇంత శ్రమపడ్డాక మార్జిన్ పెరగకపోతే అది దేవుడి తప్పు.

ఈ విద్యలో మహామహులున్నారు. జనరల్ ఎలక్ట్రిక్ విద్యుత్ విభాగం 2016 లాభాల్లో పావు వంతు, 2017 మొదటి తొమ్మిది నెలల్లో దాదాపు సగం, ముందు వేసుకున్న ఖర్చుల అంచనాలను తగ్గించి రాసుకోవడం వల్ల వచ్చాయి. ఆ సంగతి మదుపరులకు చెప్పలేదని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ అంది. 2020 డిసెంబరులో 20 కోట్ల డాలర్ల జరిమానాతో, తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా కంపెనీ బయటపడింది. 2024 ఏప్రిల్‌కల్లా ఆ మహాసామ్రాజ్యం మూడు ముక్కలైంది.

ఇంకో విచిత్రం: అసలు నిర్వహణ లాభం (వ్యాపారం నడపడం మీద మిగిలేది) అంటే ఏమిటో అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాలు ఇన్నాళ్లూ నిర్వచించనే లేదు. 2024లో వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 18 అనే కొత్త ప్రమాణం ఆ పని చేసింది, అమలు 2027 నుంచి. యాజమాన్యం సొంతంగా వండుకున్న లాభాన్ని ప్రజలకు చెప్తే, అది అసలు అంకె నుంచి ఎలా వచ్చిందో నోట్సులో లెక్క చూపాలి. చూపిస్తారు. నక్షత్రాలు ఇంకా పెరుగుతాయి.

అదంతా పోనీయండి. ఫ్యాక్టరీ మూసేసి, జీవితమంతా అక్కడ పనిచేసిన వాళ్లను ఇంటికి పంపుతూ ఇచ్చిన పరిహారం కూడా ఆ 'అసాధారణ' బుట్టలోకే వెళ్తుంది చూడండి, అక్కడ ఒళ్లు మండుతుంది. ఏటా ఏదో ఒక ఫ్యాక్టరీ మూసే కంపెనీకి మూసివేత అసాధారణం ఎలా అవుతుందయ్యా? పనిచేయించుకున్నప్పుడు వాళ్ల జీతం వ్యాపార ఖర్చు, వెళ్లగొట్టినప్పుడు వ్యాపారంతో సంబంధం లేని ఖర్చా? పైగా వాళ్లను పంపడం వల్ల మిగిలిన జీతాలు మరుసటి ఏడాది మార్జిన్‌లో దర్జాగా కూర్చుంటాయి. పెద్దసార్ల బోనస్ చాలాచోట్ల ఆ మార్జిన్ మీదే. ఖర్చును మినహాయించినవాళ్లు ఆ మిగులునూ మినహాయించి చూపించమనండి, చూద్దాం!