క్లచ్ పెడల్ గారూ, ఇక దయచేయండి

శ్రీ క్లచ్ పెడల్ గారికి,
స్టీరింగు అడుగున, ఎడమ కాలి కింద.

విషయం: తమరు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకోవాలని విన్నపం.

అయ్యా,

మీ ఆఫీసు వ్యవహారం నాకు బాగా అలవాటే. ఇంజన్ ఎంత ఊపు మీదున్నా, చక్రాలు ఎంత తొందరలో ఉన్నా, మధ్యలో మీ సంతకం పడితే తప్ప ఫైలు కదలదు. ఫస్టు గేరుకి సంతకం, సెకండుకి సంతకం, స్పీడ్ బ్రేకర్ దగ్గర మళ్లీ కిందికి రావాలన్నా సంతకమే. అది పూర్తికాకుండా ఫైలు లాక్కున్నామా, బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. వెనకవాళ్లు హారన్లతో పెట్టే చీవాట్లు మాత్రం నాకే.

మీరు లేకపోతే కుదరదన్న మాటలో నిజం ఉంది, కాదనను. పెట్రోల్ ఇంజన్‌కి ఆగి బతకడం తెలీదు, తిరుగుతూనే ఉండాలి. కారేమో సిగ్నల్ పడితే ఆగాలి. ఈ ఇద్దరికీ పొత్తు కుదరదు కాబట్టి ఫ్లైవీల్‌కీ గేర్‌బాక్సుకీ (అంటే ఇంజన్‌తో తిరిగే చక్రానికీ గేర్ల పెట్టెకీ) మధ్య మీ ప్లేటు కూర్చుంది. తొక్కితే విడదీస్తుంది, వదిలితే కలుపుతుంది. గొప్ప పనే. కాకపోతే పోస్టు మీది, చాకిరీ నా ఎడమ కాలిది. మన పేచీ అంతా అక్కడే.

కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా పొద్దున్నే ఆఫీసు టైములో మనిద్దరం కలిసి చేసే ప్రయాణం మీకు గుర్తుచేయక్కర్లేదు. అందులో ఫ్లైఓవర్ ఎక్కే ముక్క ఒక్కటి చాలు. ముందు ఆర్టీసీ బస్సు. వెనక, అద్దంలో డ్రైవర్ మీసాలు కూడా కనిపించేంత దగ్గరగా ఒక క్యాబ్. వెనక్కి జానెడు జారినా గొడవే. హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకుని, మిమ్మల్ని మెల్లగా వదులుతూ, బండి ముక్కు కొంచెం పైకి లేచి ఇంజన్ శబ్దం బరువెక్కిందా లేదా అని చెవులు రిక్కించి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి. ఇంత తపస్సూ చేస్తే బండి ముందుకెళ్లేది రెండు గజాలు. మళ్లీ బస్సు ఆగుతుంది, మళ్లీ హాఫ్ క్లచ్. ఈలోగా ఏసీలోంచి మాడు వాసన. పక్కసీటులో కొలీగ్ కిటికీ దించి బయట ఏదో తగలబడుతోందనుకుంటుంది. బయట కాదమ్మా, కాలుతున్నది మన క్లచ్ ప్లేటే. సాయంత్రం ఇంటికొచ్చి మెట్లెక్కుతుంటే కుడి మోకాలు మామూలుగా ఎక్కుతుంది, ఎడమది ఓవర్‌టైమ్ అడుగుతుంది.

సరే, కారు మారుద్దామని షోరూమ్‌కి వెళ్తే అక్కడా మీ ఏజెంటు తగిలాడు. చేతిలో బ్రోచర్‌తో తిన్నగా మా ఆయన దగ్గరికెళ్లి, "మీకైతే మాన్యువల్ సార్, బండి మీ కంట్రోల్‌లో ఉంటుంది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు కాస్త మెత్తబరిచి, "మేడమ్‌కైతే ఆటోమేటిక్ ఈజీ." కారు కొనేది నేను. ఈఎంఐ పోయేది నా జీతంలోంచి. రోజూ నడిపేది నేను. మా ఆయన మెట్రోలో వెళ్తారు, పాపం కారు తాళాలు ఎక్కడుంటాయో కూడా ఆయనకి తెలీదు. అయినా కంట్రోల్ ఆయనది, ఈజీ నాది!

మీ పరపతి ఎక్కడ నిలబడిందో ఆ రోజు అర్థమైంది. మిమ్మల్ని తొక్కడం వస్తేనే డ్రైవింగ్ వచ్చినట్టు, మిగతాదంతా ఆడుకోవడం కింద లెక్క. మా మావయ్యగారు అంబాసిడర్ నడిపిన మనిషి. స్టీరింగు పక్కనే ఉండే గేరు రాడ్డుని ఆయన ఎలా వేసేవారో ఇప్పటికీ గాల్లో చెయ్యి ఆడించి చూపిస్తారు. "గేర్లు లేని బండి కూడా ఒక బండేనమ్మా?" అంటారు. ఆ మాట అన్నాక, ఇటీవల మోకాలికి రాసుకుంటున్న నూనె సీసా కోసం అత్తయ్యగారిని కేకేస్తారు.

ఆయన అభిమానాన్ని తప్పు పట్టను. కానీ తమరికి కాళ్ల కిందికి నీళ్లు వచ్చి చాలా కాలమే అయింది. 2014 సంగతి తీసుకోండి. జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. మే నెలలో అంబాసిడర్ ఆగింది. ఈ రెండింటి మధ్య, ఫిబ్రవరిలో, ఆటో ఎక్స్‌పోలో మారుతివాళ్ల చిన్న కారు సెలెరియో, క్లచ్ పెడల్ లేని ఏఎంటీ అనే ఆటోమేటిక్ రకంలో దిగింది. అంతకుముందు మన దేశంలో ఆటోమేటిక్ లేదని కాదు, ఉన్నది ఎక్కువగా డబ్బున్నవాళ్ల వ్యవహారం. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్లు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లోనే హైడ్రామాటిక్ పేరుతో మీ పోస్టు తీసేసి కార్లు అమ్ముకున్నారు. మనకి స్వాతంత్ర్యం వచ్చింది 1947లో. చిన్న కారు కొనుక్కునే మనిషి ఎడమ కాలికి స్వాతంత్ర్యం రావడానికి మరో 67 ఏళ్లు పట్టింది.

ఆ ఏఎంటీ కూడా మీకు పెద్ద ద్రోహమేమీ చేయలేదు. పాత గేర్‌బాక్సే, పాత ప్లేటే. తొక్కే కాలు బదులు ఒక యాక్చుయేటర్‌నీ, చెప్పడానికి ఒక కంప్యూటర్‌నీ పెట్టారు. ఆఫీసు అదే, గుమాస్తా మారాడు. కొత్త గుమాస్తా సంతకం కూడా నిదానమే. గేరు మారిన ప్రతిసారీ కారులో ఉన్నవాళ్లందరం పెళ్లిచూపుల్లో పెద్దల్లాగా ఒకేసారి తలలూపుతాం. ఓవర్‌టేక్ చేద్దామని యాక్సిలరేటర్ తొక్కితే ఒక క్షణం ఆలోచించుకుంటుంది. ఎత్తు మీద బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్ తోనే బండిని నిలబెట్టే మహానుభావులు ఈ ప్లేటునీ కాల్చగలరు. అయినా సరే, కాలు నాది కాదు కదా!

ఇక మీ మద్దతుదారులు పదే పదే అప్పచెప్పే పాఠం: ఆటోమేటిక్‌కి మైలేజీ రాదు. పాతరకం ఆటోమేటిక్‌ల విషయంలో అది నిజమే. కానీ వ్యాగనార్ 1.0 లీటర్ పెట్రోల్‌కి కంపెనీ ప్రకటించిన మైలేజీ మాన్యువల్‌లో లీటరుకి 24.35 కిలోమీటర్లు, ఏఎంటీలో 25.19. రోడ్డు మీద రెండూ అంత రావు, అది వేరే ఏడుపు. కానీ ఏ గేరు ఎప్పుడు వేయాలో మా మావయ్యగారికంటే కంప్యూటర్‌కే కాస్త ఎక్కువ తెలుసని కంపెనీ లెక్కే చెబుతోంది. ఈ ముక్క ఆయన ముందు అనను.

మిగతా రకాలు కూడా చూశాను. సీవీటీలో గేర్లే లేవు, రెండు పుల్లీలూ ఒక బెల్టూ. ఊళ్లో వెన్నలా పోతుంది, గట్టిగా తొక్కితే మాత్రం ఇంజన్ ముందు అరుస్తుంది, బండి తర్వాత వస్తుంది. డీసీటీలో ఏకంగా మీలాంటివాళ్లు ఇద్దరు, ఒకరు బేసి గేర్లకి, ఒకరు సరి గేర్లకి. హైవే మీద మెరుపు. అందులో పొడి క్లచ్ రకాన్ని మా కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పెడితే వేడెక్కి, కాసేపు పక్కకి ఆపమని డాష్‌బోర్డు మీద నోటీసు అంటిస్తుంది. ఈ పోకడ మీ దగ్గరే నేర్చుకుని ఉంటాయి. టార్క్ కన్వర్టర్ అన్నింటికంటే నెమ్మదస్తురాలు, మీ ప్లేటు బదులు నూనెతోనే పని కానిస్తుంది, గొడవలుండవు. దాని ధర చూశాక మాత్రం మా ఆయన మంచినీళ్లు అడిగారు. ఏఎంటీకి మాన్యువల్ మీద యాభై వేలు, కాస్త అటూఇటూగా. టార్క్ కన్వర్టర్ దగ్గరికొచ్చేసరికి లక్ష దాటింది.

2020లో హ్యుందాయ్ వెన్యూలో ఐఎంటీ అని ఇంకో విచిత్రం వచ్చింది. అందులో మీరు లేరు, గేరు రాడ్డు మాత్రం ఉంది. కాలు నొప్పి తీసేసి, గేరు మార్చే దర్జా ఉంచారు. షోరూమ్ అబ్బాయి "సార్"ని దృష్టిలో పెట్టుకునే దాన్ని తయారుచేశారేమో అనిపించింది.

ఇన్ని అన్నాక మీకు రావాల్సింది కూడా ఇవ్వాలి. నార్కట్‌పల్లి దాటాక ఎక్కడో బ్యాటరీ చచ్చిపోతే, నలుగురు కలిసి తోసి, సెకండు గేరులో మిమ్మల్ని టక్కున వదిలితే బండి బతుకుతుంది. ఆటోమేటిక్‌ని ఎంత తోసినా ఆ ముచ్చట తీరదు. జంపర్ కేబుల్స్ ఉన్న పుణ్యాత్ముడెవరైనా ఆగాలి, లేదా బండిని లారీ మీదికి ఎక్కించుకుపోవాలి. చిన్న ఊళ్లో మెకానిక్ పొద్దున బండి విప్పి సాయంత్రానికి క్లచ్ ప్లేట్లు మార్చి ఇచ్చేస్తాడు. అదే యాక్చుయేటర్ మొరాయిస్తే అతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, "హైదరాబాద్ తీసుకుపోండి మేడమ్" అంటాడు. తిరుమల కొండ దిగేటప్పుడూ మీ దగ్గర నేర్చుకున్నవాళ్లే నయం. సెకండులో వేసి ఇంజన్ పట్టు మీద దిగుతారు. ఆటోమేటిక్ వాళ్లకీ గేరు రాడ్డు దగ్గర ఎల్ అనో, మాన్యువల్ మోడ్ అనో ఏర్పాటు ఉంది. అది ఎందుకుందో చూడకుండా మామూలుగా నడిపే డీలోనే పెట్టి, బ్రేకు మీద కాలు తీయకుండా కొండంతా దిగి, కింద చక్రాల దగ్గర పొగ చూసి గోవిందా అంటారు.

కాబట్టి గుంటూరులో ఉండి, వారానికోసారి కారు తీసి, హైవే మీద పిల్లల్ని చూసొచ్చేవాళ్లకి మీరే మంచివారు. ఆ యాభై వేలు మిగుల్చుకోమనే చెబుతాను. కానీ రోజూ గంటల తరబడి నగరం ట్రాఫిక్‌లో ఫస్టుకీ సెకండుకీ మధ్య ఊగిసలాడే మనిషికి మాన్యువల్ కొనమని సలహా ఇచ్చేవాళ్ల చేత, ముందు ఆ మనిషి మోకాలు పట్టించాలి.

మా బావగారు డాలస్ నుంచి సంక్రాంతికి వచ్చినప్పుడు మీ గౌరవం కాస్త నిలబెట్టిన మాట కూడా రాయాలి. అక్కడ అమ్మే కొత్త కార్లలో మీరు వందకి ఒకటో రెండో బళ్లలో ఉంటారట. అక్కడి హైవేల గురించి అరగంట చెప్పి, తాళాలు తీసుకుని, గేటు దాటకుండానే మూడుసార్లు బండి ఆపేశారు. వరండాలో పేపరు వెనక మావయ్యగారి భుజాలు కదులుతూనే ఉన్నాయి. కన్నకొడుకన్న జాలి కూడా లేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. కరెంటు కార్లు వస్తున్నాయి. ఆ మోటారుకి ఆగడం తెలుసు, ఆగిన చోటునుంచే పూర్తి బలంతో లాగడమూ తెలుసు. దానికి మధ్యవర్తి అక్కర్లేదు. ఇంకొకర్ని మీ కుర్చీలో కూర్చోబెట్టడం కూడా ఉండదు, పోస్టే రద్దు. ఆ రోజు మెడపట్టి గెంటించుకునే బదులు ఇప్పుడే గౌరవంగా వెళ్లిపోతే అందరికీ మంచిది.

మీ పెన్షన్ ఏర్పాట్లు చేశాను. ఈ పాత కారుని మావయ్యగారు గుంటూరు తీసుకెళ్తున్నారు. రైతుబజారు దాకా మిమ్మల్ని తొక్కి, వచ్చాక మీ గురించి అత్తయ్యగారికి చెబుతారు. ఆవిడ వినరు, అయినా చెబుతారు. మీకూ ఆయనకీ బాగా కుదురుతుంది.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి ఏఎంటీ బుక్ చేసిన మేడమ్

ప్రతులు:
1. షోరూమ్ అబ్బాయికి: బుకింగ్ ఫారంలో పేరు నాదే రాయవలెను.
2. నా ఎడమ కాలికి: కొత్త బండి రాగానే కాలు ఆనించుకోవడానికుండే డెడ్ పెడల్ మీద కదలకుండా కూర్చోవలెను. అలవాటు కొద్దీ క్లచ్ కోసం వెతికి బ్రేకు తొక్కినచో, వెనకనున్న క్యాబ్ వాడికి జవాబు నువ్వే చెప్పుకోవలెను.