స్టాపర్ ఆడే పిల్లాడి గురించి నాలుగు మాటలు

ఒడిశా బోర్డర్‌లోని రాయగడలో గానీ గుణుపురంలో గానీ మన తెలుగు ఇళ్ళల్లో పిల్లాడు ఫుట్‌బాల్ ఆడి ఇంటికొస్తే అడిగేది ఒక్కటే ప్రశ్న, ఎన్ని గోల్స్ కొట్టావురా అని. వాడు స్టాపర్, అంటే గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్ అయితే ఏం చెప్తాడు పాపం, ఏం కొట్టలేదు నాన్నా అంటాడు, అవతలి సెంటర్ ఫార్వర్డ్‌ని, అంటే గోల్స్ కొట్టడానికి ముందుండేవాణ్ణి, మ్యాచ్ మొత్తం ఒక్క షాట్ కూడా సరిగ్గా కొట్టనివ్వలేదన్న సంగతి చెప్పుకోవడం వాడికి రాదు, అడగడం మనకి రాదు. "మరి ఎందుకెల్లినావు, ఊరికే పరుగెత్తడానికా" అని నవ్వేసి ఊరుకుంటాం.

నేననేది ఏంటంటే ఈ బోర్డర్ జిల్లాల పిల్లలకి ఫుట్‌బాల్‌తో అన్నం దొరికే దారంటూ ఉంటే అది ఎక్కువగా వెనక లైన్‌లోనే ఉంది, మనం చూస్తే ముందు లైన్‌నే పట్టుకు వేలాడుతున్నాం.

ఎందుకంటారా, ఐఎస్ఎల్, అదే మన దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్, దాని లెక్క చూడండి. 2021-22 సీజన్ నుంచి ఒక టీమ్ గ్రౌండ్‌లో ఒకేసారి నలుగురు విదేశీ ఆటగాళ్ళకి మించి దింపకూడదని రూల్ పెట్టారు, అంటే కనీసం ఏడుగురు మనవాళ్ళే ఆడాలి. ఆ నాలుగు చోట్లు క్లబ్బులు ఎవరికిస్తాయి? గోల్ కొట్టేవాడికీ, వాడికి బాల్ అందించేవాడికీ, మహా అయితే ఒక స్టాపర్‌కీ. వెనక రెండు పక్కలా కాపు కాసే సైడ్ బ్యాకులు మాత్రం దాదాపుగా మనవాళ్ళే ఉంటారు. మన భువనేశ్వర్ టీమే తీసుకోండి, ఒడిశా ఎఫ్‌సీ 2023లో సూపర్ కప్ గెలిచింది కదా, ఫైనల్లో బెంగళూరు మీద కొట్టిన రెండు గోల్సూ బ్రెజిల్ నుంచొచ్చిన డియెగో మౌరీసియోవే. అంటే స్ట్రైకర్ అవుదామనుకునే మన కుర్రాడు పోటీ పడాల్సింది పక్కూరి వాడితో కాదు, బ్రెజిల్ వాడితో. బ్యాక్ ఆడితే కనీసం పోటీ మనలో మనకే.

ఇంకో సంగతి. మన దేశంలో పుట్టిన స్టాపర్లలో అందరికంటే పెద్దపేరు జర్నయిల్ సింగ్‌ది, 1962 జకార్తా ఏషియాడ్‌లో, అంటే ఆసియా క్రీడల్లో, మనకి గోల్డ్ వచ్చినప్పటి మనిషి. ఆయన గురించి ఎవరినడిగినా ఏం చెప్తారు? థాయిలాండ్ మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడితే కోచ్ రహీమ్ గారు, మన హైదరాబాద్ ఆయనే, తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు, ఆ కుట్లతోనే సెమీస్‌లో ఒకటి, కొరియా మీద ఫైనల్లో ఒకటి కొట్టాడని చెప్తారు. నిజమే, గొప్ప విషయమే, కాదనను. కానీ డిఫెండర్‌ని గుర్తుపెట్టుకోవడానికి కూడా మనకి గోలే కావాల్సొచ్చింది చూశారా. ఆయన ముందుకెళ్ళిపోతే వెనక కాపు కాసింది అరుణ్ ఘోష్, చంద్రశేఖరన్, త్రిలోక్ సింగ్. 2-1తో గెలిచిన మ్యాచ్ అది, ఇంకొక్కటి లోపల పడుంటే గోల్డ్ ఏమయ్యేదో చెప్పలేం, అయినా ఆ ముగ్గురి పేర్లు మన క్విజ్ పోటీల్లో ఎప్పుడైనా అడిగారా? సయ్యద్ నయీముద్దీన్ సంగతీ అంతే, హైదరాబాద్ వాడే, డిఫెండరే, ఆయన కెప్టెన్‌గా ఉండగానే 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో బ్రాంజ్ వచ్చింది, ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మనకి వచ్చిన ఆఖరి పతకం అదే. మన తెలుగు సంఘం వాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు డౌటే.

దసరా రోజుల్లో మునిగుడ వైపు ఒక ఊళ్ళో టోర్నమెంట్ చూశాను. గెలిచిన టీమ్‌కి మేకపోతు, గోల్స్ ఎక్కువ కొట్టినవాడికి విడిగా నగదు. గ్రౌండ్‌లో గడ్డి లేదు, ఎర్రమట్టి, పడితే మోచెయ్యి చెక్కుకుపోవడమే. అందులో ఒక టీమ్‌కి స్టాపర్ మన తెలుగు కుర్రాడు, బక్కగా ఉంటాడు, ఇంటర్ అనుకుంటా. అవతలి వింగర్, అంటే అంచు పక్కన ఆడే ఫార్వర్డ్, బాల్ పట్టుకుని మీదకొస్తుంటే వీడు కాలు పెట్టడు, వెనక్కి వెనక్కి నడుస్తూ ఒళ్ళు కాస్త పక్కకి తిప్పి వాణ్ణి లైన్ వైపే తోస్తున్నాడు, చుట్టూ జనం "కొట్రా, కొట్రా, ఏటి సూస్తన్నావ్" అని ఒకటే అరుపులు, ఒరియాలో వేరే తిట్లు, వీడు మాత్రం వినట్లేదు. ఆ వింగర్‌ది కుడికాలు, వాడికి ఎడం కాలు ఆడదని వీడు ముందే కనిపెట్టేశాడు. చివరికి వాడు ఎడంకాలితో కొట్టక తప్పలేదు, బాల్ పోయి చింతచెట్టు కింద పడింది. జనం వింగర్‌ని తిట్టారు. స్టాపర్‌ని చూసినవాడెవడూ లేడు. కరెంటు లైన్‌మేన్ లాంటి బతుకది, కరెంటు ఉన్నన్నాళ్ళూ వాడెవడో ఎవరికీ అక్కర్లేదు. సెకండాఫ్‌లో ఒక్కసారి కాలు జారాడు, గోల్ పడింది, అప్పుడు మాత్రం అందరికీ వాడి ఇంటిపేరుతో సహా తెలిసిపోయింది.

ఆడపిల్లల్లో అయితే మన ఒడిశా పిల్ల జబామణి టుడు ఇండియాకి బ్యాక్ ఆడింది, ఆ పేరు కూడా మన ఇళ్ళల్లో వినపడదు.

అలాగని బ్యాక్ ఆడితే జీవితం సెట్ అయిపోతుందని నేను చెప్పట్లేదు. సందేశ్ జింగాన్‌ని చూడండి, ఈ తరంలో వాడంత పేరున్న స్టాపర్ మనకి లేడు, 2020లో అర్జున అవార్డు వచ్చింది. 2019లో మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోయింది, 2021లో క్రొయేషియా క్లబ్‌కి వెళ్తే అక్కడ పిక్క పట్టేసి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే తిరిగొచ్చాడు, 2024 జనవరిలో ఆసియా కప్‌లో మళ్ళీ మోకాలు. అంతటివాడికే అలా ఉంది. పైగా 2025 జులైలో ఐఎస్ఎల్ మొత్తాన్నే ఆపి కూర్చోబెట్టారు, జీతాలు ఏమవుతాయోనని పెద్ద పెద్ద ప్లేయర్లే కంగారు పడ్డారు. అందుకే మన వైపు పిల్లలకి అసలు లక్ష్యం రైల్వేనో పోలీసో, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం. దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, నెలనెలా జీతం వస్తుంది, మోకాలు పోయినా కుర్చీ ఉంటుంది.

చిక్కల్లా సెలక్షన్ ట్రయల్స్ దగ్గరే వస్తుంది. గోల్ కొట్టినవాడి పేరు పక్కన అంకె ఉంటుంది, పేపర్ కటింగ్ ఉంటుంది. స్టాపర్ ఏం చూపిస్తాడు? అందుకే మన సంఘం ఉగాది టోర్నమెంట్‌లో ఈసారి నుంచి బెస్ట్ డిఫెండర్ ప్రైజ్ పెట్టాలి, స్కోరర్‌కి ఎంతో అంతే, అణా పైసా తక్కువ కాకుండా, దాంతోపాటు సంతకం స్టాంపు ఉన్న సర్టిఫికెట్ ఇవ్వాలి. మొన్న ఒక పెద్దాయనతో అంటే "అది ఎలా లెక్కపెడతారండీ" అన్నారు. లెక్కపెట్టక్కర్లేదు, బ్యాక్ ఆడి మానేసిన ముసలాళ్ళు మన వీధుల్లో ఉన్నారు, ఇద్దర్ని పిలిచి కుర్చీలేసి కూర్చోబెడితే వాళ్ళే చెప్తారు.

ఇక తల్లిదండ్రులకి ఒక మాట, మీ వాడు స్టాపర్ అయితే ఫోన్‌లో వీడియో తియ్యండి, గోల్ పడినప్పుడు ఆన్ చేసి ఆపెయ్యడం కాదు, మ్యాచ్ మొత్తం, అదీ బాల్ వెంట పడకుండా వెనక లైన్ అంతా కనపడేలా మేడ మీదనుంచో గట్టు మీదనుంచో. ఛార్జింగ్ ఫుల్ పెట్టుకుని వెళ్ళండి, రెండు హాఫులకీ సరిపోవాలి.